సన్నసెగకు సెలవు కావాలి

చలికాలం వచ్చిందంటే జంషెడ్‌పూర్‌కు పిక్నిక్‌ల జ్వరం పట్టుకుంటుంది. డిసెంబర్ ఆఖరు నుంచి సంక్రాంతి దాకా డిమ్నా చెరువు గట్టున, దల్మా కొండల మొదట్లో, సువర్ణరేఖ, ఖర్‌కాయి నదుల ఒడ్డున ఎక్కడ చూసినా మూడు రాళ్ల పొయ్యిలు, వాటి మీద ఉడుకుతున్న మాంసం. ఇది పాత అలవాటే. కొత్తదేమిటంటే, ఆ పొయ్యి ఇప్పుడు ఇంటికి వచ్చేసింది. టాటానగర్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న బాగ్‌బేరాలో ఏ ఆదివారమైనా కాస్త తలెత్తి చూడండి. ఏదో ఒక డాబా మీద నిలువునా చీల్చిన ఇనప పీపా, దాని మీద జాలీ, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్న ముప్ఫై అయిదేళ్ల మనిషి కనిపిస్తాడు. కుక్కర్‌లో అరగంటలో అయిపోయే మాంసానికి అతను అయిదారు గంటలు కాపలా కాస్తాడు. ఏమిటిది అని అడిగితే ‘బార్బెక్యూ’ అంటాడు. వాళ్లమ్మ మాత్రం ‘బొగ్గుల పొయ్యి’ అంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరమే ఈ వారం సంగతి.

ముందు ఈ ఊళ్లో తెలుగు ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. 1912లో సాక్చి దగ్గరి కొలిమిలో ఉక్కు తయారైంది. కాళీమాటి అనే చిన్న స్టేషన్ 1919లో టాటానగర్ అయింది, ఊరు జంషెడ్‌పూర్ అయింది. అప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఒక కొసన వాల్తేరును, మరో కొసన ఈ ఇనప కొండల ప్రాంతాన్ని కలిపింది. ఆ పట్టాల మీదుగానే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనుషులు ఖరగ్‌పూర్‌కు, టాటానగర్‌కు చేరారు. కొందరు ఫ్యాక్టరీలో కుదిరారు, కొందరు రైల్వేలో. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వెలిసింది. స్టేషన్ పక్కనే రైల్వే కాలనీ ఉండటంతో బాగ్‌బేరాలోనూ తెలుగు ఇళ్లు పెరిగాయి. కంపెనీ వాళ్ల చక్కటి రోడ్లకు, చెట్లకు అవతల, పంచాయతీ కింద పెరిగిన బస్తీ ఇది. పక్కింట్లో భోజ్‌పురి, ఎదురింట్లో బెంగాలీ, వీధి చివర సంతాలీ లేదా హో. ఇక్కడి తెలుగువాడు మేక మాంసాన్ని ‘ఖస్సీ’ అంటాడు, ‘ఎవలొచ్చారు’ అని శ్రీకాకుళం యాసలో పలకరిస్తాడు. అతని పొయ్యి మీద కూడా ఈ కలగలుపే కనిపిస్తుంది.

బార్బెక్యూ అనే మాట కరీబియన్ దీవుల ఆదివాసులది. కర్రలతో కట్టిన మంచె మీద మాంసాన్ని పెట్టి కింద నిప్పు వేసే పద్ధతికి వాళ్లు పెట్టుకున్న పేరు స్పానిష్ వాళ్ల నోట పడి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మన మధ్యతరగతికి ఆ మాట పరిచయమైంది మాత్రం ఎక్కువగా హోటళ్ల వల్లే. 2006లో ముంబయిలో తొలి శాఖ తెరిచిన ‘బార్బెక్యూ నేషన్’ బల్ల మధ్యలోనే నిప్పుల గుంట పెట్టి, చువ్వలకు గుచ్చిన ముక్కల్ని అక్కడే కాల్చుకోమంది. దాంతో చువ్వ మీద కాల్చిందల్లా బార్బెక్యూ అనే అభిప్రాయం స్థిరపడింది. అసలు ఆటగాళ్లు దీన్ని ఒప్పుకోరు. చువ్వ మీద మంట తగిలించి పది నిమిషాల్లో దించేది కాల్చడం. పొగలో, సన్నసెగలో గంటల తరబడి మగ్గపెట్టేదే బార్బెక్యూ. మన భాషలో చెప్పాలంటే మొదటిది కబాబు, రెండోది దమ్ము.

ఉక్కు ఊరికి ఈ సరదాతో ఒక చిత్రమైన చుట్టరికం ఉంది. ఇవాళ ప్రపంచమంతా పెరట్లో పెట్టుకునే గుండ్రటి మూత గ్రిల్‌ను 1952లో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ తయారు చేశాడు. అతను వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల సంస్థలో పనిచేసేవాడు. అక్కడ నీటి మీద తేలే బోయాల కోసం ఇనప రేకును గోళాలుగా వంచేవారు. అతను అలాంటి గోళాన్ని రెండు చిప్పలుగా చేసి, కింది దానికి కాళ్లు, పై దానికి పిడి తగిలించాడు. గాలికి బూడిద ఎగరకుండా, వానకు నిప్పు ఆరకుండా ఉండాలన్నది అతని అవసరం. అంతకు మూడు దశాబ్దాల ముందు హెన్రీ ఫోర్డ్ తన మోటారు కార్లకు వాడే కలప తుక్కు వృథా పోకుండా బొగ్గుగా కాల్చి, అచ్చులు పోయించి అమ్మాడు. అమెరికన్ ఆదివారానికి గుర్తులైన ఆ గ్రిల్లు, ఆ బొగ్గు అచ్చులు రెండూ ఫ్యాక్టరీ నేల మీద పుట్టినవే. కనుక బాగ్‌బేరా ఫిట్టరు పాత పీపాను చీల్చి, బందులు వెల్డింగ్ చేసి, గాలి రావడానికి కింద రెండు బెజ్జాలు, పొగ పోవడానికి పైన ఒక గొట్టం పెట్టుకుంటే అతను ఎవరినీ అనుకరించడం లేదు. ఒక పనివాడు తన చేతిలో ఉన్న విద్యను తన సెలవు రోజుకు వాడుకుంటున్నాడు, అంతే. పీపా విషయంలో ఒక్క జాగ్రత్త: అంతకు ముందు అందులో రసాయనాలో, రంగులో ఉంటే దాని జోలికి పోకూడదు. నూనె పీపానైనా ఖాళీగా పెద్ద మంట మీద బాగా కాల్చి, గీకి, కడిగిన తర్వాతే తిండికి వాడాలి.

ఇంతకూ అన్ని గంటలెందుకు? మేక బతికినంత కాలం ఏ కండతో ఎక్కువ పని చేయించిందో ఆ కండ గట్టిగా ఉంటుంది. జబ్బ, మెడ, పిక్క అలాంటివి. వాటిలో కండను ఎముకకు కట్టిపడేసే కొలాజెన్ అనే పదార్థం ఎక్కువ. వేడి అరవై డిగ్రీలు దాటేసరికి ఇది ముడుచుకుని కండలోని నీటిని పిండేస్తుంది. అందుకే కొంచెం ఉడికిన మాంసం పచ్చి దానికన్నా గట్టిగా ఉంటుంది. చాలామంది అక్కడే కంగారు పడి మంట పెంచుతారు. డెబ్బై దాటిన తర్వాత, తేమ పోకుండా ఓపిక పడితే అదే కొలాజెన్ మెల్లగా కరిగి జెలటిన్ అవుతుంది. పాయా చల్లారాక పెదాలకు అంటుకునే జిగురు అదే. ఈ కరగడానికి వేడి ఒక్కటే చాలదు, సమయం కావాలి. పెద్ద పశుమాంసపు దిమ్మను వండే టెక్సాస్ వాళ్లు పొయ్యిని నూట పది, నూట ఇరవై డిగ్రీల దగ్గర ఉంచి పది పన్నెండు గంటలు కూర్చుంటారు. మధ్యలో ఒక దశలో ముక్క లోపలి వేడి గంటల తరబడి కదలదు. పైకి వచ్చిన తడి ఆవిరవుతూ చెమట ఒంటిని చల్లబరచినట్టు ముక్కను చల్లబరుస్తూ ఉంటుంది. కొత్తవాళ్లకు అది ఓపిక పరీక్ష.

అయితే ఫోన్‌లో చూసిన టెక్సాస్ పద్ధతిని ఖస్సీ మీద దించితే బెడిసికొడుతుంది. అక్కడి పశువు దిమ్మలో కొవ్వు దండిగా ఉంటుంది, కరిగి తనను తాను తడుపుకుంటుంది. మన మేక బక్కది. తొడ మొత్తం కలిపి కిలో, కిలోన్నర. దాన్ని పొగలో ఎనిమిది గంటలు ఉంచితే మిగిలేది చెప్పుల తోలు. బాగ్‌బేరా ఆటగాళ్లు రెండు మూడు ఆదివారాలు పాడు చేసుకున్నాక తెలుసుకునే పాఠం ఇదే. తొడకు ముందురోజు రాత్రే ఉప్పు, కాస్త పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి పెట్టాలి. పీపాలో నిప్పుల్ని ఒక పక్కకే పోసి, మాంసాన్ని రెండో పక్కన ఉంచి, నిప్పు పక్కన ఒక గిన్నె నీళ్లు పెట్టాలి. రెండు గంటలు పొగ పట్టాక అరిటాకులో చుట్టి మరో గంటా రెండు గంటలు వదిలేయాలి. దించిన వెంటనే కోయకుండా అరగంట ఆగాలి. పొగకు మామిడి, జామ, నేరేడు కొమ్మలు బాగుంటాయి. ఇక్కడ విరివిగా దొరికే సాల్ కట్టె వద్దు. దాని జిగురే మనం ఇంట్లో ధూపం వేసే గుగ్గిలం. దేవుడికి బాగుంటుంది కానీ మాంసానికి చేదు.

సాల్ కట్టె పనికిరాకపోయినా ఆకు మాత్రం ఇక్కడి వంటకు ప్రాణం. సంతాలీల ‘జిల్ పిఠా’ సంగతి తెలియకుండా జార్ఖండ్‌లో బార్బెక్యూ గురించి మాట్లాడటం అన్యాయం. జిల్ అంటే మాంసం. సన్నగా తరిగిన మాంసాన్ని బియ్యప్పిండితో, ఉప్పుకారాలతో కలిపి సాల్ ఆకుల మీద రొట్టెలా పరుస్తారు. పైన మరికొన్ని ఆకులు కప్పి, కింద నిప్పు, మీద నిప్పు పెట్టి కాలుస్తారు. మాంసం రసం బయటికి పోకుండా పిండి పట్టుకుంటుంది, పిండి మాడకుండా ఆకు కాపాడుతుంది. బక్క మాంసాన్ని ఎండిపోకుండా నిప్పు మీద ఎలా వండాలన్న చిక్కుముడిని ఏ థర్మామీటరూ లేకుండా ఎప్పుడో విప్పేశారు. అరకులో, మారేడుమిల్లిలో పర్యాటకులు వరస కట్టే బొంగు చికెన్‌ది కూడా ఇదే సూత్రం. పచ్చి వెదురులోని తడే అక్కడ నీళ్ల గిన్నె, మూతికి కుక్కిన ఆకే మూత.

ఇక ఉత్తరం నుంచి వచ్చింది ‘అహునా’. బీహార్‌లోని చంపారణ్ పేరు మీద ఇవాళ రాంచీ నుంచి ఢిల్లీ దాకా బోర్డులు కనిపించే మట్టికుండ మాంసం ఇది. మాంసం, దానికి దాదాపు సమానంగా ఉల్లిపాయలు, ఆవనూనె, మసాలాలు, పొట్టు కూడా తీయని వెల్లుల్లి గడ్డలు అన్నీ ఒకేసారి కుండలో వేసి, మూతిని గోధుమ పిండితో మూసి, కర్రబొగ్గు నిప్పుల మీద పెడతారు. గరిటె పెట్టేది లేదు. మధ్యమధ్యలో కుండను పట్టుకుని ఊపడమే. 2023లో ‘చంపారణ్ మటన్’ అనే పేరుతో పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థి తీసిన లఘుచిత్రం విద్యార్థుల ఆస్కార్ పోటీలో సెమీ ఫైనల్ దాకా వెళ్లింది. లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయిన ఇంట్లో ఆ మాంసం వండుకోవాలన్న కోరిక ఎంత బరువో చెప్పిన కథ అది. కిలో మాంసం ధర చూస్తే ఆ బరువు బాగ్‌బేరాకూ తెలుసు. అందుకే ఇక్కడ ఈ సరదా నెలకు ఒకటి రెండు ఆదివారాలు మించదు, మిగతా వారాలు కోడితో సరిపెట్టుకుంటారు.

మరి మన సొంతం ఏమిటి? హైదరాబాద్ దమ్ బిర్యానీ, 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న హలీమ్ సరే. వాటికన్నా ఇంటికి దగ్గరిది మన దాలి. పల్లెల్లో పెరటి మూల గుంటలో పిడకలు రాజేసి, పాల కుండను పొద్దున ఎక్కించి సాయంత్రం దించేవారు. పిడక మండదు, కనలుతుంది. పాలు పొంగవు, ఎర్రబడతాయి. ఆ మీగడ రుచి తెలిసినవాళ్లకు సన్నసెగ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘నివురుగప్పిన నిప్పు’ అని మనం రాజకీయాల గురించి రాసేటప్పుడు తెగ వాడతాం. పొయ్యి దగ్గర అది ఉపమానం కాదు, వంట సూచన. బొగ్గు ఎర్రగా మండుతున్నప్పుడు కాదు, తెల్లటి బూడిద పైన పొరలా కప్పుకున్నప్పుడే మాంసం ఎక్కించాలి. కొత్త ఆటగాడు ఫోన్‌లో నేర్చుకున్న ఈ సంగతి అతని అమ్మమ్మకు పుట్టుకతో వచ్చినట్టే తెలుసు.

అసలు మాట ఇక్కడ మొదలవుతుంది. బాగ్‌బేరాలో నలభై దాటిన ఎవరినైనా అడగండి, గ్యాస్ రాకముందు సాయంత్రాలు ఎలా ఉండేవో చెబుతారు. ఇనప బకెట్‌కు లోపల మట్టి మెత్తి, మధ్యలో చువ్వలు అడ్డం పెట్టి చేసిన పొయ్యి. కింద పిడకలు, పుల్లలు, పైన రాక్షసి బొగ్గు, లేదా బొగ్గుపొడిని మట్టితో కలిపి ఉండలు చేసి ఎండబెట్టిన ‘గుల్’. అంటించిన అరగంట దాకా పొగే పొగ. అందుకని బకెట్‌ను సందులో పెట్టేవారు. వరసగా ఇరవై ఇళ్ల ముందు ఇరవై బకెట్లు. బొగ్గు రాజుకున్నాక లోపలికి మోసుకుపోయి అన్నం, పప్పు, కూర, స్నానాలకు నీళ్లు. ఆఖరున కొడిగట్టిన నిప్పుల మీద ఏ పాయానో, తలకాయ కూరనో పెట్టి రాత్రంతా వదిలేసేవారు. ఇవాళ దాన్నే ‘స్లో కుకింగ్’ అంటున్నాం. అప్పుడు దానికి పేరు లేదు. మిగిలిన వేడిని వృథా చేయకపోవడం, చవకగా వచ్చిన కాళ్లను, తలను తినదగ్గట్టు చేయడం దాని ఉద్దేశం. అమెరికాలోనూ కథ వేరు కాదు. ఇవాళ ఖరీదైన బార్బెక్యూ ముక్కలన్నీ ఒకప్పుడు యజమానులు తినని భాగాలు. వాటిని గంటల తరబడి వండి రుచి పుట్టించినవాళ్లలో నల్లజాతి బానిసలు ముందు వరసలో ఉన్నారు.

ఆ పొగను పీల్చిన చాతీలు ఎవరివో కూడా చెప్పాలి. కంట్లో నీళ్లు, ఆరని దగ్గు, మసి పట్టిన గోడ ఆడవాళ్ల వాటా. 2016లో ఉజ్వల పథకం మొదలయ్యేనాటికి కూడా ఈ దేశంలో కోట్ల వంటిళ్లు పొగలోనే ఉన్నాయి. గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజు బాగ్‌బేరా తల్లి ఆ బకెట్‌ను అటక మీద పారేసింది. పాతికేళ్ల తర్వాత కొడుకు దాన్ని దించి, దుమ్ము దులిపి ‘ఎంత బాగుందో’ అంటున్నాడు. అదే బొగ్గు, అదే పొగ. ఆమెకు అది చాకిరీ, అతనికి సరదా. తేడా నిప్పులో లేదు. అది వద్దనుకునే వీలు ఆమెకు లేదు, అతనికుంది.

ఆ వీలుకు ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర జరిగిందీ ఈ ఊళ్లోనే. ఫ్యాక్టరీలో రోజుకు ఎనిమిది గంటల పని 1912లోనే ఇక్కడ అమల్లోకి వచ్చింది. 1920లో జీతంతో కూడిన సెలవు వచ్చింది. దేశానికంతటికీ అవి చట్టమైంది 1948 ఫ్యాక్టరీల చట్టంతో. కార్మికుడికి తనదంటూ కొన్ని గంటలు ఉండాలని మొదట ఒప్పుకున్న ఊళ్లలో ఇదొకటి. సరదా అనేది ఆ గంటల్లోంచే పుడుతుంది. అయినా అందరికీ ఒకేలా పుట్టదు. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి మారే షిఫ్టుల్లో పనిచేసేవాడికి వారం మారితే నిద్ర మారుతుంది. రైలు నడిపేవాడికి ఆదివారమన్నది క్యాలెండర్‌లోనే, పిలుపు వస్తే వెళ్లాలి. కాంట్రాక్టు కూలీకి సెలవంటే ఆ రోజు కూలి పోవడం. కనుక డాబా మీద పీపా పక్కన అయిదు గంటలు కూర్చున్న మనిషి మాంసం తింటున్నాడని అసూయపడక్కర్లేదు. అతని చేతిలో అయిదు గంటలున్నాయి, అదీ అసలు విలాసం.

ఎనిమిది గంటల లెక్క వంటింటి గడప మాత్రం దాటలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని రోజూ చేసే ఆడవాళ్లు 81 శాతం, మగవాళ్లు 26 శాతం. చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. బార్బెక్యూ ఆదివారాన్ని ఈ లెక్కతో కలిపి చూడండి. నిప్పు అతనిది, పొగ అతనిది, ఫొటో అతనిది, మెప్పు అతనిది. ముందురోజు రాత్రి అల్లం వెల్లుల్లి నూరింది ఎవరు? ఉల్లిపాయలు తరిగింది ఎవరు? పక్కన అన్నం, పెరుగు చట్నీ, పిల్లలకు కారం లేని కూర వేరే చేసిందెవరు? బాగ్‌బేరాలో నాకు పిన్ని వరసయ్యే ఆవిడ ఉంది. డాబా మీద కొడుకు స్నేహితులంతా వేళ్లు నాకుతూ మెచ్చుకుంటుంటే ఆవిడ మెట్ల దగ్గర నిలబడి ఒకే మాటంది: “బాగుందిరా బాబూ, బాగుంది. ఈ జాలీ ఎవలు తోమతారో అది కూడా ఆ ఫోన్‌లో సూడు.”

అందరూ నవ్వారు, కొడుకూ నవ్వాడు. జాలీ మాత్రం మర్నాటి దాకా అక్కడే ఉంది. ఇంటి మగవాడు వంట చేస్తే అది వార్త, ఆడది చేస్తే అది వంట అన్న పాత సామెతలాంటి నిజాన్ని ఈ సరదా తిరగరాయగలదు. కానీ దానంతట అది రాయదు. మంచి సూచన ఏమిటంటే, ఈ వంటకు గంటలు లెక్కపెట్టేటప్పుడు నిప్పు రాజేసినప్పటి నుంచి కాకుండా బజారుకు వెళ్లినప్పటి నుంచి, ముక్క దించేదాకా కాకుండా బూడిద ఎత్తేదాకా లెక్కపెట్టాలి. అప్పుడే అది పూర్తి వంట. జాలీ తోమడం కూడా కష్టమేమీ కాదు. వేడి తగ్గకముందే ఇత్తడి బ్రష్షుతో గీకి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్దితే సగం పని అయిపోతుంది. కాకపోతే ఆ టైముకు పళ్లెం వదిలి లేవాలి.

కొన్ని ప్రమాదాలు కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. బొగ్గు రాష్ట్రంలో ఉన్నాం కదా అని రాక్షసి బొగ్గు మీద, కోక్ మీద నేరుగా మాంసం కాల్చకూడదు. భూమిలోంచి తీసిన బొగ్గులో గంధకం, విషలోహాలు ఉంటాయి. అవి పొగతో పాటు ముక్కకు పడతాయి. గిన్నె అడ్డం ఉన్న వంట వేరు, జాలీ మీది వంట వేరు. దీనికి కర్రబొగ్గే వాడాలి. రెండోది, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్. వాన పడిందనో, చలి వేస్తోందనో పొయ్యిని గదిలోకి తెచ్చి తలుపులు మూస్తే ప్రాణం పోతుంది. ఉత్తరాదిలో చలికాలం కుంపటి పెట్టుకుని పడుకుని తెల్లారి లేవనివాళ్ల వార్తలు ప్రతి ఏడాదీ చదువుతూనే ఉన్నాం. ఆరినట్టు కనిపించే నివురులోంచి కూడా ఆ వాయువు వస్తూనే ఉంటుంది. మూడోది, కోడి. మేక ముక్క మధ్యలో కాస్త ఎర్రగా ఉన్నా కొందరు తింటారు. కోడిని మాత్రం లోపల 74 డిగ్రీలు చేరేదాకా దించకూడదు. చేతికి అందే ధరలో దొరికే సూది థర్మామీటరు ఈ సరదాలో అన్నిటికన్నా పనికొచ్చే వస్తువు.

నాలుగోది రోజూ తినాలనే యావ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో మేక, గొర్రె, పశు మాంసాల్ని క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యేవాటి జాబితాలో చేర్చింది. మాడిన భాగం, నిప్పుల మీద కొవ్వు కారి లేచిన పొగ మరింత చేటు. సన్నసెగ వంట మాడ్చదు కనుక ఆ మేరకు మేలు. నెలకో రెండుసార్లు తింటే సరదా, రోజూ తింటే రోగం.

ఇక ఇరుగుపొరుగు. డాబాల మధ్య గోడలు మోకాలెత్తే ఉన్నచోట పొగకు సరిహద్దు లేదు. శ్రావణంలో, నవరాత్రుల్లో మాంసం ముట్టని బీహారీ కుటుంబం ఎదురింట్లో ఉంటుంది. కార్తీకంలో మన ఇళ్లలోనే సగం మంది తినరు. ఎవరేం తినాలన్నది గొడవగా మారిన కాలంలో బాగ్‌బేరా లాంటి కలగలుపు బస్తీ తనకు తానుగా ఒక మర్యాద ఏర్పరచుకుంది. ఆ నెలల్లో పీపా మూలన పడుతుంది, తర్వాత వచ్చిన మొదటి ఆదివారం ఎదురింటికి కూడా ఒక గిన్నె వెళుతుంది. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరూ నిషేధించలేదు. తినేవాడి హక్కు, తిననివాడి ఊపిరి రెండూ ఒకే సందులో ఇమడాలంటే ఇంతకన్నా వేరే దారి కనిపించదు.

ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడానికి ఏడాదిలో ఒక సహజమైన రోజు ఉంది. మన సంక్రాంతికీ, ఇక్కడి మకర్, టుసు పర్వాలకూ తేదీలు కలుస్తాయి. ఆ రోజుల్లో కుర్మీ, సంతాలీ ఇళ్లలో మాంసం పిఠా కాలుతుంది. మన ఇళ్లలో కనుమకు గారెలు, మాంసం కూర సిద్ధమవుతాయి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అంటే ఆ రోజు ప్రయాణం లేదు, పని లేదు, అందరికీ సెలవు. ఆ ‘అందరిలో’ ఇంటి ఇల్లాలు ఉందో లేదో మాత్రం సామెత చెప్పదు. సన్నసెగ వంటకు ఇంతకన్నా తగిన రోజు లేదు. తెల్లవారే నిప్పు వేసి కుండ మూతి మూసేస్తే మధ్యాహ్నానికి అదే అవుతుంది, గరిటె పట్టే పని కూడా ఉండదు. మసాలా నూరడం దగ్గర్నుంచి జాలీ తోమడం దాకా ఆ ఒక్కరోజు పీపా యజమానులే చూసుకుంటే, బొగ్గుల పొయ్యి ముందు పాతికేళ్లు కూర్చున్న ఆవిడ మొదటిసారి ఆ పొగకు ఎదురుగా కాక, గాలివాటుకు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. బాగా ఉడికిందో లేదో చెప్పడానికి ఊళ్లో ఆవిడకన్నా అర్హులు ఎలాగూ లేరు.